ఆధారపడినవారి జాబితా

డెబ్బై ఎనిమిది అన్నాను. అంతే. రహిమున్నీసా వేళ్లు టైపు మిషను మీద ఒక్క క్షణం ఆగాయి. "డెబ్బై ఎనిమిదేనా మేష్టారూ?" అని తల తిప్పకుండానే అడిగింది. "అవునమ్మా" అన్నాను, గొంతు కూడా తడబడలేదు. అంకెలు టకటకమని కాగితం మీద పడ్డాయి. దాని కింద కార్బను, ఇంకో కాగితం, మళ్లీ కార్బను, మళ్లీ కాగితం, అంటే నేను ఒక్కసారి ఆడిన అబద్ధం మూడు చోట్ల పడింది. అసలు సర్టిఫికెట్టు నా ఒళ్లో ఉన్న ఫైల్లోనే ఉంది. అందులో బాలసరస్వతి, బి.ఇడి., రెండవ తరగతి, పందొమ్మిది వందల డెబ్బై ఆరు అని ఉంది. బాలసరస్వతి నా భార్య. ఆ సంవత్సరం నేను మరిచిపోయేది కాదు. ఆ వేసవిలోనే మా పెళ్లయింది, పెళ్లయిన మూడోవారం ఫలితాలొచ్చాయి, పేపర్లో ఆమె నెంబరు వెతికి వేలు పెట్టి చూపించింది నేనే. ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఏ గాలివానకు మా ఇంటి రేకులు లేచిపోయాయో, అన్నీ తేదీలతో సహా చెబుతానని మావాళ్లందరూ నవ్వుతారు. సరస్వతికి ఏ తేదీ కావాల్సి వచ్చినా నన్నే అడుగుతుంది. ఈ ఫారం నింపించే పని నాకు అప్పగించిందీ అందుకే.

ఇది బ్రాడీపేటలో నోటరీ శేషాచలంగారి వరండా. ఆయన కోర్టు నుంచి పన్నెండింటికి వస్తారట. సరస్వతి కూడా పన్నెండింటికే వస్తుంది. పదో తరగతి పిల్లలకు పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి పొద్దున రెండు పీరియడ్లు పాఠం చెప్పేసి చిలకలూరిపేటలో బస్సెక్కుతానంది. మీరు ముందు వెళ్లి టైపు చేయించి ఉంచండి, నేనొచ్చి సంతకం పెడతానంది. గోడ మీది గడియారంలో పదకొండు దాటి ఐదు నిమిషాలయింది. ఇంకో గంట. గంటసేపు ఈ బల్ల మీద కూర్చుని నేను చేసిన పనిని నేనే చూసుకుంటూ ఉండాలి. కావాలంటే ఇప్పుడే నోరు విప్పి, కాదమ్మా, డెబ్బై ఆరు, పొరపాటున చెప్పాను అనొచ్చు. ఆమె ఆ అంకెను చెరిపి కొడుతుంది, లేదా కాగితం మారుస్తుంది. అంత సులువైన పనే. అయినా నాకు నోరు రాలేదు. సత్తెనపల్లిలో ఇలాగే పరాయిదేశానికి పెట్టుకున్న ఒక సైన్సు మేష్టారి ఫారం ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా వచ్చిందని వెనక్కి తిరిగొచ్చిందట, సరిచేసి పంపేసరికి అక్కడ ఆ ఏడాది ఖాళీలు నిండిపోయాయట. ఆ సంగతి నాకు సరస్వతే చెప్పింది. జాగ్రత్తండీ, ఒక్క చుక్క కూడా తప్పు పోకూడదు అంటూ చెప్పింది.

ఇది వర్క్ పర్మిటు దరఖాస్తు. జాంబియా దేశంలో పరాయి దేశస్థులు ఉద్యోగం చెయ్యాలంటే అక్కడి ప్రభుత్వం అనుమతి కావాలి. ఉద్యోగం ఇస్తామని ఉత్తరం వచ్చినంత మాత్రాన సరిపోదు, ఈ ఫారం మూడు కాపీలు, ఆరు ఫోటోలు, డాక్టరు సర్టిఫికెట్టు, చదువు కాగితాలకు నోటరీ ముద్రలు, అన్నీ కలిపి ఈ శనివారంలోగా మద్రాసులో ఏజెంటుకు చేరాలి. ఆరు పేజీల ఫారం. మొదటి ఐదు పేజీలూ సరస్వతివే. ఆమె పుట్టుక, ఆమె చదువు, ఆమె పదేళ్ల అనుభవం, ఆమెకు తెలిసిన భాషలు. ఆరో పేజీలో సగం దాకా ఖాళీగా ఉండి, కింద దరఖాస్తుదారు మీద ఆధారపడినవారు అని ఒక చిన్న పట్టిక ఉంది. అందులో రెండు వరుసలు. ఒకటి నేను, భర్త, ముప్పై ఆరేళ్లు. రెండోది మా అమ్మాయి వకుళ, ఆరేళ్లు. మా ఇద్దరికీ కలిపి కిందనే ఒక వాక్యం ఉంది, పైన పేర్కొన్న వ్యక్తులు వేరే అనుమతి పొందకుండా ఆ దేశంలో ఎటువంటి పనీ చేయరాదని. ఒకటో తరగతి చదివే పిల్లకూ, ఎమ్మెస్సీ లెక్కల్లో ఫస్టు క్లాసు తెచ్చుకున్న నాకూ ఒకటే నిబంధన. నా పేరు కొడుతున్నప్పుడు రహిమున్నీసా ఇబ్బందిపడింది. "అనంతపద్మనాభం, గళ్లలో పట్టట్లేదు మేష్టారూ, చివరి అక్షరం బయటికి పోతోంది" అంది. పోనివ్వమ్మా అన్నాను. నేను తప్పు సంవత్సరం చెప్పింది ఆ తరవాతే, చదువు పేజీ మళ్లీ మిషనులో ఎక్కించి, ఖాళీ వదిలిన సంవత్సరం ఏమిటని ఆమె అడిగినప్పుడు. అది కారణం అనను. అడిగినప్పుడు నోట్లో సిద్ధంగా ఉందా మాట, ఎన్నాళ్లనుంచో అక్కడే ఉన్నట్టు.

వీధిలోంచి మిరపకాయల లారీ పోయింది. బస్తాల మీద కప్పిన టార్పాలిను గాలికి లేచి, ఘాటు వరండాలోకి కొట్టుకొచ్చింది. రహిమున్నీసా చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండు తుమ్ములు తుమ్మింది, నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. మార్చి నెల గుంటూరులో అందరి కళ్లూ ఇలాగే ఉంటాయి కాబట్టి ఎవరూ ఏమయిందని అడగరు. మద్రాసులో ఈ ఉద్యోగాల ఇంటర్వ్యూ రోజున కూడా కళ్లు ఇలాగే మండాయి, అక్కడ మిరపకాయలు లేవు. పెద్ద హోటల్లో మూడో అంతస్తు, వరసగా కుర్చీలు, మేమిద్దరం పక్కపక్కనే. ముందు నన్ను పిలిచారు. లోపల ఇద్దరు ఆఫ్రికా దొరలు, ఒక మనవాడు. అరలతో భాగిస్తే సంఖ్య ఎందుకు పెరుగుతుందని అడిగారు. మూడుని అరతో భాగిస్తే ఆరెందుకయిందని. నాకు నవ్వొచ్చింది, ఇంత చిన్న ప్రశ్నా అని. బోర్డు మీద నిరూపణ రాశాను, తిరగేసి గుణించే సూత్రం ఎక్కడినుంచి వచ్చిందో నాలుగు వరసల్లో తేల్చాను. అందులో పెద్దాయన నా వంక చూసి, పదేళ్ల పిల్ల ఏడుస్తూ కూర్చుంది, ఆమెకెలా చెబుతారు అన్నాడు. నేను అదే నిరూపణ ఇంకాస్త నెమ్మదిగా చెప్పాను. ఆయన తలాడించాడు. ఆ తలాడించడం నాకు మెప్పులాగే తోచింది. బయటికొచ్చి, చాలా బాగా జరిగింది, నువ్వు భయపడకు అని సరస్వతి వీపు తట్టాను కూడా.

ఆమె లోపలికి వెళ్లింది, తలుపు మూసుకుంది. లోపలినుంచి కాసేపు ఏ శబ్దమూ లేదు. తరవాత నవ్వు. ఒకరిది కాదు, ముగ్గురూ నవ్వుతున్నారు. ఎగతాళి నవ్వు కాదని తలుపు ఇవతలినుంచే తెలుస్తోంది, ఇష్టపడి నవ్వే నవ్వు. మూడో నెలలో పిల్ల మొదటిసారి నవ్వినప్పుడు పెద్దవాళ్లు నవ్వినట్టు నవ్వారు. ఆమె బయటికొచ్చాక ఏమడిగారన్నాను. అదే ప్రశ్నండీ, మీకడిగిందే. బల్ల మీద అరటిపళ్లున్నాయి, మూడు తీసుకుని ఒక్కొక్కటి మధ్యకు విరిచి, ఒక్కొక్కరికి సగమే అయితే ఎంతమందికి వస్తుందో మీరే చెప్పండి సార్ అన్నాను, చేతిలో పెట్టాను, ఆయన తినేశాడండీ, తినేసి ఇప్పుడు ఐదే ఉన్నాయి కదా అన్నాడు, అయితే మీకు తీసివేత కూడా వచ్చేసింది సార్ అన్నాను. అంటూ తను కూడా నవ్వింది. రైల్లో గూడూరు దాటేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను. ఆమె నా భుజం మీద తలపెట్టి నిద్రపోయింది. తల బరువుగా ఉంది. తియ్యమనలేదు, కదలనూ లేదు. ఆ అరటిపళ్లు నేను వెళ్లినప్పుడూ ఆ బల్ల మీదే ఉన్నాయి. నేను చూశాను. పళ్లని చూశాను అంతే.

ఆమెకు ఉద్యోగం ఇస్తామన్న ఉత్తరం ముందొచ్చింది. నాది నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ నాలుగు రోజులూ నేనెంత సంతోషంగా ఉన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది. నేను పాఠాలు చెప్పే ట్యుటోరియల్ కాలేజీలో ప్రిన్సిపాలు యలమందయ్యగారికి చెప్పేశాను, జూన్ నుంచి నేనుండనండీ, ఇద్దరం వెళ్తున్నాం అని. ఆయన స్టాఫుకంతా టీ తెప్పించారు. ఐదో రోజు పోస్టుమాను ఇచ్చిన కవరు పల్చగా ఉంది, పట్టుకోగానే తెలిసింది. విచారిస్తున్నాము అన్న మాటతో మొదలయింది. మర్నాడు కాలేజీకి వెళ్లి నల్లబల్ల మీద త్రిభుజం గీస్తుంటే వెనకబెంచీలో ఎవరో ఏదో అన్నారు, నన్నే అన్నారని తోచింది. యలమందయ్యగారు మాత్రం, జూన్ తరవాత కూడా నీ టైంటేబులు అలాగే ఉంచుతాలే పద్మనాభం అన్నారు. ఆ మంచితనం కన్నా తిట్టినా బాగుండేది.

నాకు అసూయ అని ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది. పరాయివాడి మీద అయితే ఎప్పుడో తెలిసేది. ఒకే కంచంలో తిన్న మనిషి మీద అసూయకు వేరే పేర్లు పెట్టుకుంటూ వచ్చాను. ఆమె గురించి దిగులు అనుకున్నాను, దూరదేశం గదా, ఆడమనిషి గదా అనుకున్నాను. మా చిలకలూరిపేటలో సంతకు పోతే పదడుగులకొకరు సరస్వతి టీచరుగారూ అని ఆగుతారు. కూరలమ్మే కరీమున్ తన కూతురు నర్సు ట్రైనింగులో చేరిందని ఈమె చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది, మీరు చెప్పిన లెక్కలేనమ్మా అని. నా దగ్గర చదివి ఇంజినీరింగు సీట్లు తెచ్చుకున్నవాళ్లు బోలెడుమంది, ఎదురుపడితే సైకిలు దిగుతారు, సార్ నమస్తే అంటారు, మళ్లీ ఎక్కుతారు. నేను సంచీ పట్టుకుని పక్కన నిలబడితే ఆ ఆగినవాళ్లు నాకూ ఒక నమస్కారం పెడతారు, మర్యాదకు. లెక్క ఆమెకంటే నాకే బాగా వచ్చు. ఇప్పటికీ పదో తరగతి లెక్కల్లో ఎక్కడయినా చిక్కుపడితే పుస్తకం నా దగ్గరకే తెస్తుంది. పెళ్లయిన కొత్తలో ఆమెకు ఇంగ్లీషులో వాక్యం సరిగా రాయడం నేర్పింది నేను. మద్రాసు ఇంటర్వ్యూకు పదిహేను రోజులు సాయంత్రాలు ప్రశ్నలడిగి తయారుచేసింది నేను. ఇదంతా ఫారంలో ఏ గడిలోనూ రాయడానికి లేదు.

మే నెలలో ఫారం తిరిగొస్తుంది. సంవత్సరం సరిపోలలేదు అని ఎర్రసిరాతో గీత ఉంటుంది. ఆమె వంటింటి గడప మీద కూర్చుంటుంది. నేను పక్కన కూర్చుంటాను. పోనీలే సరస్వతీ, ఆ ముండమోపి టైపు మిషను చేసిన పని, మన రాత బాగుండక అంటాను. మంచినీళ్లు తెచ్చిస్తాను. సాయంత్రం వకుళను తీసుకుని ముగ్గురం అమరావతి వెళ్లొద్దాం, కృష్ణ ఒడ్డున కాసేపు కూర్చుందాం అంటాను. ఎంత బాగా ఓదారుస్తానో నాకే కనిపిస్తోంది. ఎంత దయ, ఎంత ప్రేమ. పదేళ్లలో ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడతాను ఆ రోజు. ఆమె నా మీదే ఆనుకుని ఏడుస్తుంది. ఆ బొమ్మ చూస్తూ ఉంటే గుండెల్లో వెచ్చగా, హాయిగా అనిపించింది. తన మనిషి ఏడవాలని కోరుకుంటూ, ఆ ఏడుపుకు ముందే రుమాలు మడిచి పెట్టుకుని కూర్చున్నవాణ్ని నేను. గడియారంలో పన్నెండుకు పది నిమిషాలుంది.

శేషాచలంగారు ముందొచ్చారు. నల్లకోటు కుర్చీకి తగిలించి, "ఏం మేష్టారూ, అయిందా? టీచరమ్మ ఏరి?" అంటూ ఫైలు అందుకున్నారు. ముద్ర వేసేవాళ్లు చాలామంది చూడకుండానే వేస్తారు, ఈయనా అంతేననుకున్నాను. ఈయన కళ్లజోడు పెట్టుకుని ఒక చేత్తో ఫారం, ఇంకో చేత్తో సర్టిఫికెట్టు పట్టుకుని వరసగా చదవడం మొదలుపెట్టారు. మూడో పేజీలో ఆగిపోయారు.

"రహిమున్నీసా! ఏమిటమ్మా ఇది? సర్టిఫికెట్టులో డెబ్బై ఆరుంటే నువ్వు డెబ్బై ఎనిమిది కొట్టావు. ఇది పరాయి ప్రభుత్వానికి పోయే కాగితం, ఎరువుల కొట్టు చీటీ అనుకున్నావా? పన్నెండేళ్లనుంచీ నా దగ్గర చేస్తున్నావు, చూపు ఆనకపోతే ఆనట్లేదని చెప్పు, ఇంకొకళ్లను చూసుకుంటా."

ఆమె లేచి నిలబడింది. నలభై దాటిన మనిషి, నుదుటి దగ్గర జుట్టు నెరిసింది. ఒక్కసారి నా వంక చూసింది. తను రెండుసార్లు అడగడం, నేను అవుననడం ఆ చూపులో ఉన్నాయి. పని మీద వచ్చినవాణ్ని తప్పు పట్టకూడదన్నది ఆ వరండా పద్ధతి కాబోలు, తల వంచుకుని "నాదే పొరపాటండీ, మళ్లీ కొడతాను" అంది.

ఇక్కడితో అయిపోయేది. కాగితం దానంతటదే సరి అయిపోతుంది, నాకు ఏ మచ్చా అంటదు. కానీ పన్నెండేళ్లు తప్పు కొట్టని మనిషి నా మూలంగా గుడ్డిదనిపించుకుంది, ఆ తలవంచుకోవడం చూడలేకపోయాను. "ఆమె తప్పు లేదండీ" అన్నాను. "నేను చెప్పిన అంకే కొట్టింది. రెండుసార్లు అడిగింది కూడా."

శేషాచలంగారు నవ్వేశారు. "లెక్కల మేష్టారు మీరే అంకె తప్పు చెబితే ఎట్లాగండీ!" అని ఫైలు నా చేతికిచ్చి లోపలి గదిలోకి వెళ్లిపోయారు. రహిమున్నీసా నవ్వలేదు. మిషనులో కొత్త కాగితాలు ఎక్కించి, "ఈసారి సర్టిఫికెట్టు ఇటివ్వండి మేష్టారూ. నేనే చూసుకుంటా" అని చెయ్యి చాచింది. ఇచ్చాను.

సరస్వతి వచ్చేసరికి మూడో పేజీ ఇంకా సగంలో ఉంది. బస్టాండు నుంచి నడిచొచ్చినట్టుంది, ముఖమంతా చెమట, కుడిచేతి వేళ్ల మీద సుద్దపొడి. బల్ల మీద పడి ఉన్న పాత కాగితం తీసి చూసింది. "చిన్న తప్పు పడిందమ్మా, మారుస్తున్నా" అంది రహిమున్నీసా, నా వంక చూడకుండా. సరస్వతి చూపు ఆ అంకె మీద ఆగింది. తరవాత నా మీద.

"ఈ సంవత్సరం మీకు తెలియదా?"

"తెలుసు."

"మరి?"

ఇంకోసారి తప్పించుకోవడానికి దారి ఉంది. ఎండన పడి వచ్చాను, తల తిరిగింది, ఏదో ఒకటి. "తెలిసే తప్పు చెప్పాను సరస్వతీ" అన్నాను.

మిషను ఆగింది, మళ్లీ మెల్లగా మొదలయింది. సరస్వతి బల్ల చివర కూర్చుని పమిటచెంగుతో ముఖం తుడుచుకుంది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండుననుకున్నాను.

"నేనక్కడ నెగ్గుకొస్తానని మీకు అంత నమ్మకమా?" అంది చివరికి.

ఏమడుగుతోందో మొదట అర్థం కాలేదు.

"రాననుకుంటే ఈ పని చేసేవారు కాదుగా. ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"మద్రాసులో, తలుపవతల వాళ్లు నవ్వినప్పట్నుంచి."

"నాలుగు నెలలు" అంది. "ఉత్తరం వచ్చింది మొదలు రోజూ అడిగాను మిమ్మల్ని. కొత్త దేశం, కొత్త పిల్లలు, నా ఇంగ్లీషు, నేను చెయ్యగలనంటారా అని. రోజూ చూద్దాం అన్నారు. మీకంటే లెక్క తెలిసినవాళ్లు నాకెవరూ లేరు, మీరే చూద్దాం అంటుంటే నాకు రాదనే అనుకున్నాను. నీళ్లపంపు దగ్గర నిలబడి ఎన్నిసార్లు మానేద్దామనుకున్నానో మీకు తెలియదు. ఆ అంకెదేముంది, కొట్టేసి మళ్లీ కొడుతుంది. చెయ్యగలవన్న ఆ ఒక్క మాట ఎందుకు దాచుకున్నారండీ?"

జవాబు ఆమెకు తెలుసు, అయినా నన్నడిగింది. టైపయిపోయిన కాగితాలు రహిమున్నీసా వరసగా పేర్చి సరస్వతి ముందు పెట్టింది. ఆమె ఒక్కొక్క పేజీ చదివింది. ఆరో పేజీ దగ్గర ఆగి, అదే గొంతుతో, కోపం లేకుండా అంది:

"మీకు రావడం ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పండి. ఈ వరస తీయించేస్తాను. నేనూ వకుళా వెళ్తాం, మీరు కాలేజీలో ఉండండి. నేనేమీ అనుకోను."

ఉండిపోవచ్చు. యలమందయ్యగారు నా టైంటేబులు అలాగే ఉంచారు. వెళ్తే ఆ దేశంలో నేను సాయంత్రం దాకా తలుపు తీసి పెట్టుకుని ఆమె కోసం చూస్తూ కూర్చోవాలి, ఆమె ఆ పిల్లలతో నవ్విన నవ్వులు ముఖం మీద వేసుకుని ఇంటికొస్తుంది, నాకు మళ్లీ మండుతుంది. ఆ మంట ఇవాళ్టితో పోతుందని నేను అనుకోవడం లేదు. ఇప్పుడు కూడా, ఆమె ఇంత నిబ్బరంగా మాట్లాడుతుంటే, ఈ నిబ్బరం నాకెందుకు లేదా అని కుళ్లుకుంటూనే ఉన్నాను.

"ఉంచు" అన్నాను. "వస్తాను."

"అయితే ఇప్పుడు చెప్పండి."

"ఏం చెప్పను?"

"నేనడిగిందే. నెగ్గుకొస్తానా?"

"వస్తావు" అన్నాను. నాకే సరిగా వినబడలేదు.

"గట్టిగా చెప్పండి."

రహిమున్నీసా మిషను మీద గుడ్డ కప్పుతూ ఆగింది. లోపల శేషాచలంగారు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు కూడా ఆగింది. నల్లబల్ల ముందు నిలబడి ఎనభైమందికి వినిపించేట్టు మాట్లాడే గొంతు తెచ్చుకున్నాను.

"నెగ్గుకొస్తావు సరస్వతీ. నాకంటే బాగా చెప్తావు నువ్వు. ఆ సంగతి నాకెప్పుడో తెలుసు."

ఆమె నవ్వలేదు. నా వైపు చూడనూ లేదు. తలాడించి, నా జేబులోంచి పెన్ను తనే తీసుకుని, మొదటి కాగితం దగ్గరకు లాక్కుంది.